దారిలో జారిపోయిన గళ్ళు

"ఏమ్మా, ఇంటి కప్పు అడిగినావు, నేల అడిగినావు, నీళ్ళు యాడ తెచ్చుకుంటామో అడిగినావు. ఇంట్ల తాగేటోడు ఉండాడా అని అడగవా?"

కల్లూరులో ఒక సందులో, గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటున్న ఒకావిడ నన్ను అడిగిన మాట ఇది. సుమారు ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. డిగ్రీ అయిపోయి, బి.ఎడ్. సీటు కోసం ఎదురుచూస్తూ, ఊరికే ఉండటమెందుకని పట్టణ పేదల సర్వే ఒకదానిలో ఫారాలు నింపే పనికి కుదిరాను. ఇంటికింత అని డబ్బులిచ్చేవారు. హంద్రీ వంతెన దాటితే మా కల్లూరే కాబట్టి నాకు ఆ సందులన్నీ పంచారు.

"ఆ గడి లేదక్కా" అన్నాను.

"గడి లేదా? మా ఇంట్ల ఉండేదే అది కదమ్మా!" అని నవ్వింది. తర్వాత చాటలోంచి కళ్ళెత్తకుండానే, "మాపటికి బువ్వ ఉండాదా అని గూడ అడగవు. సరేలే, రాసుకో. బండల మిద్దె, బండల నేల. రాసుకోని పో" అంది.

రాసుకుని పోయాను. ఫారంలో మట్టినేలకు ఒక మార్కు, బండల నేలకు ఇంకో మార్కు. ఎక్కడో గడ్డికప్పులు, మట్టినేలలు ఉండే ఊళ్ళను మనసులో పెట్టుకుని తయారైన కొలత అది. కర్నూలు జిల్లాలో బేతంచెర్ల బండ పేదవాడి నేల. పనికిరాని ముక్కలు ఏరుకొచ్చి పరుచుకున్నా అది బండల నేలే. ఆ లెక్క ప్రకారం ఆమె ఇల్లు మంచి ఇల్లు. ఆమె పేరు జాబితాలోకి రాలేదు. జాబితాలో లేనందుకు ఆమె నన్నేమీ అనలేదు. ఎదురుపడినప్పుడు "బాగుండావా పాపా" అనే పలకరించేది. నాకే తల వంగిపోయేది.

"ఆ గడి లేదక్కా" అని నేను చెప్పింది సగం నిజమేనని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ గడి ఉండేది. కేరళలో ఉండేది. కల్లూరు వచ్చే దారిలో ఎక్కడో జారిపోయింది. ఈ వ్యాసం ఆ దారి గురించి.

నగరాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోవాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. అధికారులు వేరే దేశాలకు అధ్యయన యాత్రలు వెళ్తారు. 'ఉత్తమ ఆచరణలు' అనే పేరుతో రంగుల పుస్తకాలు వస్తాయి. ఒకచోట పండిన అనుభవం ఇంకోచోటికి చేరాలన్న దాంట్లో తప్పేముంది? వంటింటి జ్ఞానమంతా అలా చేరిందే కదా. కానీ ఆ ప్రయాణంలో ఏది చేరుతుంది, ఏది రాలిపోతుంది, రాలిపోయేది ఎప్పుడూ ఎవరి అనుభవం అని అడిగేవాళ్ళు తక్కువ. సాహిత్య విమర్శలో మనం చేసే పని అదే. ఒక పాఠంలో ఏముందో చూసినంత శ్రద్ధగా ఏది లేదో చూస్తాం. ప్రభుత్వ ఫారాన్ని కూడా ఒక పాఠంగా ఎందుకు చదవకూడదు?

1992-93 ప్రాంతంలో కేరళలోని అలప్పుజ పట్టణంలో, యునిసెఫ్ సాయంతో నడుస్తున్న పట్టణ పేదల కార్యక్రమంలో ఒక కొత్త పద్ధతి మొదలైంది. ఆదాయం ఎంత అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు, కూలి బతుకులో చెప్పడం సాధ్యమూ కాదు. అందుకని ఆదాయాన్ని పక్కనబెట్టి తొమ్మిది గుర్తులు పెట్టుకున్నారు. కచ్చా ఇల్లు, మంచినీళ్ళు అందకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం, చదువురాని పెద్దలు, ఒక్కరే సంపాదించడం లేదా అసలెవరూ సంపాదించకపోవడం, కడుపునిండా తిండి లేకపోవడం, అయిదేళ్ళలోపు పిల్లలు, షెడ్యూల్డు కులం లేదా తెగకు చెందిన కుటుంబం, ఇంట్లో తాగుబోతు లేదా మత్తుకు బానిసైన మనిషి. వీటిలో నాలుగు ఉంటే ఆ ఇల్లు పేద ఇల్లు. ఇరవై నుంచి నలభై ఇళ్ళ ఆడవాళ్ళు ఒక ఇరుగుపొరుగు సంఘం. ఆ సంఘాల మీద వార్డు సంఘం, దాని మీద పట్టణం మొత్తానికి సి.డి.ఎస్. అలప్పుజ నుంచి ఆ పద్ధతి మలప్పురం వెళ్ళింది. 1998లో కుటుంబశ్రీ అయి కేరళ అంతా పాకింది.

అది ఢిల్లీకి కూడా చేరింది. 1997 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశంలోని పట్టణాలన్నిటికీ స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన ప్రకటించింది. అందులో ఇరుగుపొరుగు సంఘం ఉంది, సి.డి.ఎస్. ఉంది. చట్రం అచ్చంగా అలప్పుజదే. పేదల్ని గుర్తించడానికి ఆదాయంతో పాటు ఆదాయేతర కొలమానాలు కూడా పెట్టారు. అవి ఏడు: ఇంటి కప్పు, నేల, నీళ్ళు, మరుగుదొడ్డి, చదువు, ఉపాధి రకం, పిల్లల స్థితి.

రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. కులం గడి పోయింది. దాని బదులు లబ్ధిదారుల్లో దళితులకు, ఆదివాసులకు వాటా పెట్టారు కాబట్టి అది వేరే దారిలో కొంత తిరిగి వచ్చిందనుకోవచ్చు. తిండి గడి పోయింది. తాగుడు గడి పోయింది. ఆ రెండూ ఏ దారిలోనూ తిరిగి రాలేదు.

మిగిలినవేమిటో గమనిస్తే నాకు ఒక సంగతి తట్టింది. కప్పు, నేల, కొళాయి, దొడ్డి... ఇవన్నీ గడప బయట నిలబడి చూసి రాసుకోగలిగినవి. చదువు, ఉపాధి, పిల్లలు ఇంటి యజమానిని అడిగి రాసుకోగలిగినవి. పోయిన రెండూ మాత్రం గడప లోపలివి. మాపటికి పొయ్యి వెలుగుతుందో లేదో, వెలిగితే ఆఖర్న గిన్నెలో ఎవరికి మిగలదో, రాత్రి ఎవరి చేతిలో ఎవరు దెబ్బలు తింటారో ఆడదానికే తెలుసు. పట్టణ పేదరికంలో ఆడవాళ్ళకు మాత్రమే తెలిసిన భాగాన్ని కత్తిరించి, మగవాడు చెప్పగలిగిన భాగాన్ని దేశమంతా పంచారు.

ఇది ఏ కాలంలో జరిగిందో కూడా చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మన రాష్ట్రమంతా కదిలించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. అదే ఏడాది చివర వచ్చిన కేంద్ర పథకంలో తాగుడు గురించిన గడి లేదు. ఈ రెండిటికీ సంబంధం ఉందని నేననడం లేదు. కానీ తాగుడు పేదరికానికి ఒక కారణమని వీధుల్లోకొచ్చి చెప్పిన ఆడవాళ్ళున్న రాష్ట్రంలో నేను ఆ గడి లేని ఫారం పట్టుకుని తిరిగాను. అది లేదని నాకు తోచను కూడా తోచలేదు. చాట పట్టుకున్న ఆవిడ చెబితే గానీ!

మరి ఆ గడి ఉండి ఉంటే సరిపోయేదా? ఈ ప్రశ్న దగ్గర నేను చాలా కాలం ఆగిపోయాను. ఉంటే, నాలాంటి చదువుకున్న పిల్ల ప్యాడ్ పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మీ ఆయన తాగుతాడా?" అని అడిగి ఉండేది. మొగుడు వెనక మంచం మీద పడుకుని ఉంటే ఆమె ఏం చెప్పేది? నిజం చెబితే ఆ రాత్రి ఏమయ్యేది? అలప్పుజలో ఆ ప్రశ్న పనిచేసిందంటే, అడిగింది ఆ వాడలోని ఆడమనిషి కాబట్టి. నిజానికి ఆమె అడగక్కర్లేదు. గోడకు ఇవతల ఆమే ఉంటుంది, ఆమెకు వినబడుతుంది. అక్కడి కొలమానంలోని విలువ ప్రశ్నలో ఎంత ఉందో, అడిగిన మనిషిలోనూ అంతే ఉంది. ఆమె లేకుండా ఆ ప్రశ్న ప్రయాణించలేదు. ప్రయాణించినా అది ప్రశ్నగా మిగలదు, నేరవిచారణ అవుతుంది. అందుకే కాగితం తాను మొయ్యగలిగినంతే మోసింది. మొయ్యలేనిదాన్ని దారిలో వదిలేసింది. వదిలేశానని మాత్రం ఎక్కడా చెప్పలేదు. అక్కడే నాకు అభ్యంతరం.

తర్వాత రోజుల్లో లెక్చరర్‌నయ్యాక నేను ఇంకో పని చేశాను. ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఒక సంస్థ కోసం ఇలాంటి ఉత్తమ ఆచరణల పుస్తకాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించాను. 'మహిళలు సమీకరించబడ్డారు', 'సంఘాలు బలోపేతం చేయబడ్డాయి', 'చెత్త సేకరణ వ్యవస్థ ఏర్పాటు చేయబడింది' అని పేజీలకు పేజీలు రాశాను. తెలుగులో ఎవరు మాట్లాడతారు ఇలా? మన క్రియ చేసిన మనిషిని వెంటబెట్టుకునే ఉంటుంది. చేశాను, చేశావు, చేశాడు, చేసింది. ఆ 'చేసింది' దగ్గర మనకు ముందే ఒక చిక్కుంది. ఏకవచనంలో ఆడదానికీ, చెట్టుకూ, పశువుకూ ఒకటే ప్రత్యయం. అయినా 'ఆమె చేసింది' అన్నప్పుడు అక్కడొక ఆమె ఉంటుంది. 'చేయబడింది' అనగానే 'ది' అలాగే ఉంటుంది, ఆమె మాత్రం పోతుంది. చెత్త ఎవరు ఎత్తారు? పొద్దున నాలుగింటికి లేచి ఎవరు ఊడ్చారు? ఆ సమీకరించబడిన ఆడవాళ్ళను ఇల్లిల్లూ తిరిగి, తిట్లు తిని, పిలుచుకొచ్చిన మనిషి ఎవరు? నా తెలుగు ఆమెను తుడిచేసింది. నెలాఖరుకు నాకు చెక్కు వచ్చింది.

ఆ పుస్తకాల్లో 'విజయగాథ' అనే పెట్టె కూడా ఒకటుంటుంది. ఆమెకు ఒక పేరు, ఒక ఫోటో, తీసుకున్న అప్పు ఎంత, ఇప్పుడొచ్చే ఆదాయం ఎంత. కథ రాసే మనకు ఆ పెట్టె ఎంత బోలుగా ఉంటుందో తెలుసు. అందులో మొగుడుండడు. మంచికో చెడ్డకో ఉండడు. సారా కొట్టు ఉండదు. సంఘంలో పడిన గొడవ ఉండదు. ఓడిపోయిన ఏడాది ఉండదు. ఇంకో ఊరి మనిషి దాన్ని చదివి ఏం నేర్చుకోవాలి? కష్టమెక్కడ వస్తుందో చెప్పని వంట పుస్తకం చూసి ఎవరు వండగలరు?

కాగితం కాకుండా వేరే దారి లేదా అంటే, ఉంది. అది మా ఊరికి దగ్గర్లోనే ఉంది. కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో ఓర్వకల్లు వస్తుంది.

1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో దానికి ఎంచుకున్నవి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలు. ఓర్వకల్లు ఆ మండలాల్లో ఒకటి. దానికి సలహాదారుగా వచ్చింది పాకిస్తాన్‌కు చెందిన షోయబ్ సుల్తాన్ ఖాన్. 1982 నుంచి గిల్గిత్ కొండల్లో పల్లె సంఘాలు కట్టిన మనిషి. ఆయనకు గురువు అఖ్తర్ హమీద్ ఖాన్. బెంగాల్ కరువు చూసి ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలేశాడు, 1959లో నాటి తూర్పు పాకిస్తాన్‌లోని కొమిల్లాలో సహకార సంఘాల ప్రయోగం మొదలుపెట్టాడు. ఆయన ఆదర్శంగా చెప్పుకున్నది పంతొమ్మిదో శతాబ్దపు జర్మనీలో రైతుల పరపతి సంఘాలు కట్టిన రైఫైజెన్‌ని. జర్మనీ, కొమిల్లా, గిల్గిత్, ఓర్వకల్లు... ఈ వంశవృక్షాన్ని ఎవరు చెప్పినా ఇలాగే చెబుతారు. తండ్రి, కొడుకు, మనవడు అన్నట్టు. ఇందులో ఒక్క ఆడపేరూ లేదు.

కానీ ఓర్వకల్లులో జరిగింది ఈ వంశవృక్షంలో ఇమడదు. గిల్గిత్‌లో పల్లె సంఘాలు మగవాళ్ళవి, ఆడవాళ్ళకు వేరే సంఘాలు. ఇక్కడికొచ్చేసరికి మొత్తం కార్యక్రమం ఆడవాళ్ళ సంఘాల మీదే నిలబడింది. ఎందుకంటే ఇక్కడ అప్పటికే సారా ఉద్యమం జరిగింది. దాని తర్వాత నెల్లూరు నుంచి పొదుపు ఉద్యమం పాకింది. రూపాయి రూపాయి కూడబెట్టడం, పదిమంది కూర్చుని మాట్లాడుకోవడం తెలిసిన ఆడవాళ్ళు ఇక్కడున్నారు. బయటి నుంచి వచ్చిన నమూనాను ఉన్నదున్నట్టు తీసుకోకుండా, దాన్ని తమ కొలతకు కత్తిరించుకున్నారు. కాగితం దారిలో తాగుడు గడి జారిపోయింది. ఈ దారిలో తాగుడు మీద తిరగబడిన ఆడవాళ్ళే నమూనాను మార్చేశారు.

అంతటితో ఆగలేదు. ఆ జిల్లాల అనుభవం 2000లో 'వెలుగు' అయ్యి, 2007లో 'మెప్మా' పేరుతో పట్టణాలకూ వచ్చింది. కల్లూరు సందుల్లోనూ సంఘాలు, సమాఖ్యలు కట్టారు. మన పల్లెల సంఘాల్లో నిలదొక్కుకున్న ఆడవాళ్ళు బీహారుకు, ఇంకా ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్ళారు. చాలామందికి హిందీ రాదు. అయినా ఒక్కో ఊళ్ళో రోజుల తరబడి ఉండి, అక్కడే తిని, అందరికంటే ముందు ఊరి చివర ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నారు. తమ బతుకు చెప్పారు. ఎక్కడ దెబ్బ తిన్నదీ చెప్పారు. విజయగాథ పెట్టెలో లేనిదంతా వాళ్ళ నోట్లో ఉంది. ప్రశ్నతో పాటు అడిగే మనిషి కూడా ప్రయాణించడమంటే ఇదే.

అలాగని దీన్ని దేవుడి పటం చెయ్యాలని నాకు లేదు. వాళ్ళకు కాగితాల మీద పెట్టిన పేరు చూడండి: సామాజిక వనరుల వ్యక్తి. వనరు! భూగర్భజలంలాగా, బేతంచెర్ల బండలాగా తవ్వుకునేది. వాళ్ళు తెలిసినవాళ్ళు, నేర్పేవాళ్ళు. యూనివర్సిటీలో అదే పని చేస్తే ఆచార్యులంటాం, జీతమూ పింఛనూ ఇస్తాం. ఇక్కడ తిరిగిన రోజులకు గౌరవభృతి. ఇంట్లో పిల్లల్ని వదిలి వెళ్ళిన ఆ రోజుల్లో ఆ ఇంటి పని ఎవరు చేశారు? ఏ అత్త, ఏ పెద్దకూతురు? కూతురి బడి ఎన్నాళ్ళు పోయింది? ఈ ఖర్చుకు గడి ఎక్కడుంది?

అఖ్తర్ హమీద్ ఖాన్ కొమిల్లా తర్వాత 1980లో కరాచీలోని ఒరంగి బస్తీలో ఇంకో పని మొదలుపెట్టాడు. సందులో జనమే డబ్బులు వేసుకుని మురుగు కాలువ పైపు వేసుకోవడం, పెద్ద కాలువ బాధ్యత ప్రభుత్వానిదని నిలదీయడం. ప్రపంచమంతా నగర ప్రణాళికా పాఠాల్లో చదువుకునే ప్రయోగం అది. దాన్ని ఏళ్ళ తరబడి నడిపింది మాత్రం ఒక స్త్రీ. పర్వీన్ రెహమాన్, 1957లో ఢాకాలో పుట్టిన ఆర్కిటెక్టు. బస్తీ కుర్రాళ్ళకు కొలతలు నేర్పి, అధికారుల పటాల్లో లేని వాడలనూ కాలువలనూ పటాలకెక్కించింది. నగరం నీళ్ళు ఎక్కడెక్కడ దొంగతనంగా ట్యాంకర్లకెక్కుతున్నాయో గుర్తించింది. 2013 మార్చి 13న కరాచీలో ఆమెను కాల్చి చంపారు. ఒరంగి నమూనా అని చెప్పేటప్పుడు గురువు పేరు చెప్పి ఆపేస్తే, పోయేది ఒక పేరొక్కటే కాదు. గడి లేనిచోట గడి గీయడం ఎంత ప్రమాదకరమైన పనో చెప్పే పాఠం పోతుంది.

పెద్దవాళ్ళు కూడా పరాయి నగరాల నుంచి నేర్చుకుంటూనే ఉన్నారు. అమరావతికి సింగపూర్ ప్రణాళిక వేసిచ్చింది. 2019 డిసెంబరులో దక్షిణాఫ్రికాను చూపించి మూడు రాజధానులన్నారు. మా కర్నూలు బ్లూమ్‌ఫాంటీన్ కాబోయింది. 2020లో చట్టం చేశారు, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. 1953 నుంచి మూడేళ్ళు రాజధానిగా ఉన్న ఊరికి ఆశ పెట్టడం తేలిక. అదే దక్షిణాఫ్రికాలో 1995లో ఆడవాళ్ళు, ప్రభుత్వ బడ్జెట్‌లో ప్రతి రూపాయీ ఆడవాళ్ళకు ఏం చేస్తోందో లెక్కగట్టే మహిళా బడ్జెట్ ప్రయత్నం మొదలుపెట్టారు. మన అసెంబ్లీలో దక్షిణాఫ్రికా పేరు ఎత్తినప్పుడు ఆ పాఠం ఎవరికీ గుర్తు రాలేదు. భవనాలు ఎక్కడ కట్టాలన్నది గుర్తొచ్చింది.

ఆ సర్వే రోజుల్లో ఫారంలో పట్టని మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఏదో కథకు పనికొస్తాయని, అంతే. దాన్ని కర్నూలు పాత ఊళ్ళో మా పెద్దమ్మ ఇంట్లో పెట్టాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికొచ్చినప్పుడు ఆ ఇల్లు మునిగింది. నీళ్ళు తీశాక బురదలో అట్ట దొరికింది. నింపిన ఫారాలు ఏదో ఆఫీసులో భద్రంగానే ఉండి ఉంటాయి. కప్పులు, నేలలు, కొళాయిలు. ఆడవాళ్ళు చెప్పిందే కొట్టుకుపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. మనలో చాలామందిమి పాఠాలు చెబుతాం, అనువాదాలు చేస్తాం, నివేదికలు రాసి పెడతాం, మన ఇంటికీ నాలుగు డబ్బులు కావాలి కాబట్టి. ఆ పని మానెయ్యమని నేను అనలేను. అయితే ఒక ఊరి జ్ఞానాన్ని ఇంకో ఊరికి చేర్చే కాగితం మన చేతుల మీదుగా వెళ్తున్నప్పుడు మూడు పనులు చేయగలం. 'చేయబడింది' అని ఉన్నచోట ఎవరు చేశారని అడగొచ్చు. దారిలో ఏ గడి తీసేశారో ఆ కాగితం మీదే రాయొచ్చు. గడప లోపలి ప్రశ్న ఉంటే, అడగాల్సింది ఎవరో కూడా రాసి, ఆ మనిషికి బస్సు ఛార్జీ కాదు, జీతం ఇవ్వాలని పట్టుబట్టొచ్చు.

కల్లూరు సందులో ఆవిడ ఇప్పుడు లేదు. పొయ్యేముందు ఒకసారి కనబడితే, "అక్కా, నువ్వడిగిన గడి కేరళలో ఉండేదంట" అని చెప్పాను. కాసేపు నా మొహం చూసింది.

"అట్లనా! అయితే ఆడ ఎవురో మన ఆడది రాసింటుందిలే" అంది.